మొదటి వరస ఖాళీ

పది గంటలకల్లా ఈ కాగితం ఇచ్చెయ్యాలి. గోడ గడియారం తొమ్మిదీ అయిదు చూపిస్తోంది, నా చేతి గడియారం తొమ్మిదీ ఆరు, గోడది ఒక నిమిషం వెనక నడుస్తుందని ఈ స్టాండ్‌బై గదిలో కూర్చునే పైలట్లందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ కుర్చీ ఎక్కి సరిచెయ్యరు, మనసులోనే ఒకటి కలుపుకుని కూర్చుంటారు. అంటే ఇంకా యాభై నాలుగు నిమిషాలు. ఈ యాభై నాలుగు నిమిషాల్లో నూట ఎనభై మందిని ఒక ఊళ్ళో ఎక్కించుకుని ఇంకో ఊళ్ళో దించి, తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ సాగనంపమంటే సాగనంపుతాను, అందులో నాకు బెంగ లేదు, ఈ కాగితం మీద నాలుగు ముక్కలు రాయడానికే పొద్దుట్నుంచీ చెయ్యి రావడం లేదు. అడిగింది కూడా పెద్ద పురాణమేం కాదు. ‘ఉద్యోగంలో చేరిన రోజు రిజిస్టరులో మీ సంతకం మొదటి వరసలో ఉన్నది. సమయం గడిలో 9.40 అని ఉన్నది. మీ కింది వరసలో సమయం 8.05. దీనికి మీ వివరణ.’ దాని కింద నాలుగు గీతలు. పందొమ్మిదేళ్ళు ఎగిరిన మనిషికి నాలుగు గీతలిచ్చారు, పోనీలే, అవైనా నిండుతాయో లేదో నాకే తెలీదు.

స్టాండ్‌బై అంటే కూర్చోవడమే. ఎక్కడో ఏ పైలట్‌కో ఒంట్లో బాగోకపోతే, ఎవరి కారో దారిలో మొరాయిస్తే, ఈ గదిలో ఫోను మోగుతుంది, మోగగానే టోపీ తగిలించుకుని పరిగెత్తాలి, మోగకపోతే సాయంత్రందాకా కుర్చీ అరగదీయాలి. కిందటేడు దాకా ఈ గది మాదొక్కటే. ఇప్పుడు రెండు కంపెనీలదీ. కలిపేశారు, కలిపేశారంటే వాళ్ళు మమ్మల్ని కొనుక్కున్నారనే మాటకు మర్యాద తొడిగారన్నమాట. గోడకి అటొక కాఫీ మిషను, ఇటొక కాఫీ మిషను, నీలం టైలు కట్టిన మేం ఇటుదాని దగ్గరికి, ఎర్ర టైలు కట్టిన వాళ్ళు అటుదాని దగ్గరికి, మాట పట్టింపు వచ్చిన వియ్యాలవాళ్ళలాగా ఒకరినొకరు చూసీ చూడనట్టు తలలూపుకుంటూ కప్పులు నింపుకుంటాం. నిజం చెప్పొద్దూ, వాళ్ళ కాఫీయే బాగుంటుంది. గదిలో ఎవరూ లేనప్పుడు నేను రెండుసార్లు తాగాను, మూడోసారి తాగుతుండగా వాళ్ళ మనిషి ఒకాయన వచ్చి చూసి, చక్కెర డబ్బా నా వైపు జరిపాడు. ఇవాళ ఎందుకో ఆ చక్కెర డబ్బా గుర్తొచ్చి ఆ మనిషి మీద బోలెడంత అభిమానం కలుగుతోంది.

విమానాలు కలిపెయ్యడం తేలిక, రంగు మార్చి తోక మీద కొత్త బొమ్మ వేస్తే అయిపోతుంది. మనుషుల్ని కలపడమే తల ప్రాణం తోకకి తెచ్చింది. పైలట్‌కి అన్నీ వరస నంబరే, నువ్వెంత బాగా దించావు, ఎంతమంది చప్పట్లు కొట్టారు, అవేవీ లెక్కలోకి రావు, నువ్వు ఏ రోజు చేరావు, ఆ రోజు నీకంటే ముందు ఎవరు సంతకం పెట్టారు, అంతే, దాన్ని బట్టే సెలవు, దాన్ని బట్టే ఏ విమానం, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటా కుడి సీటా అన్నీ దాన్ని బట్టే. రెండు కంపెనీల వరసల్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి ఒకే వరస చేస్తున్నారు. కొన్ని విమానాలు తీసేస్తున్నారు కాబట్టి కెప్టెన్లు మూడొందల పద్దెనిమిది మందే చాలన్నారు. మూడొందల పద్దెనిమిదో నంబరు దాకా పాత కాంట్రాక్టే, అరవయ్యేళ్ళు నిండేదాకా ఆరోగ్య పరీక్షా సిమ్యులేటర్ పరీక్షా పాసవుతున్నంత కాలం మన సీటులోంచి మనల్ని ఎవరూ కదపలేరు. మూడొందల పంతొమ్మిది నుంచి కిందికి కుడి సీటు, అంటే మళ్ళీ కో-పైలట్, మూడేళ్ళ కాంట్రాక్టు, ఆ తర్వాత కంపెనీ అవసరాన్ని బట్టి. ఆ ‘అవసరాన్ని బట్టి’ అనే మాట దగ్గర అందరి వేళ్ళూ ఆగిపోతున్నాయి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అమలు. చిత్తు లిస్టులో మూడొందల పద్దెనిమిది నేను. నాకు నలభై ఏడు. మూడొందల పంతొమ్మిది డైరీ.

డైరీ అంటే మనిషే. మాతోపాటు అదే రోజు చేరాడు, ఏ రోజు ఏ ఊళ్ళో గాలి ఎటు వీచిందో, ఏ రన్‌వే మీద ఎన్ని కుక్కలు అడ్డొచ్చాయో తారీఖుతో సహా చెబుతాడని ఆ పేరు పెట్టాం, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. ఆ రోజు చేరిన అయిదుగురిలో ఇద్దరు వేరే దేశాలు పోయారు, ఒకరు ఎగరడం మానేసి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారు, మిగిలింది మేమిద్దరమే. ఉన్నది ఒక్క సీటు. ఇప్పుడతను పొద్దుటి విమానం తీసుకుని వస్తూ ఉంటాడు, ఆ పక్కన తెర మీద అతని విమానం దిగే టైము తొమ్మిదీ నలభై అని ఉంది, అబ్బే, మారింది, తొమ్మిదీ నలభై ఎనిమిది. మబ్బు ఉన్నట్టుంది. మబ్బుంటే అతను తొందరపడడు, రెండు చుట్లు తిరిగైనా నింపాదిగా దిగుతాడు, అందుకే అతని వెనక కూర్చోమంటే నేను నిద్రపోతాను, మా అమ్మాయి కూడా చిన్నప్పుడు ఒకసారి అతని విమానంలో ఎక్కి దిగేదాకా లేవలేదు.

ఈ పేజీ బయటికి తీసింది లిస్టు పెద్దాయన. రిటైరైన కెప్టెన్, రెండు కంపెనీలవాళ్ళూ ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి, మూడు నెలలుగా ఆ కారిడార్ చివరి గదిలో పాత రిజిస్టర్ల మధ్య కూర్చుని దుమ్ముకి తుమ్ముతూ ఉన్నారు. నిన్న పిలిచి అసలు రిజిస్టరే నా ముందు పెట్టారు. అవతలి కంపెనీవాళ్ళు అభ్యంతరం చెప్పారట, తొమ్మిదీ నలభైకి వచ్చినావిడ ఎనిమిదీ అయిదుకి వచ్చినాయన కంటే పైన ఎలా ఉంటుందని. న్యాయమే కదా, నేనైనా అడుగుతాను. నేను ఆ పేజీ మీద వేలు పోనిచ్చి చూశాను, పందొమ్మిదేళ్ళ కాగితం, అయినా తెల్లగా నున్నగా ఉంది, కింద కుడి మూల కప్పు పెట్టిన గోధుమరంగు చక్రం తప్ప ఎక్కడా మచ్చ లేదు. పెద్దాయన మనిషి ఎలాంటివారంటే అంతా ఉన్నదున్నట్టు ఉండాలని రంగు జిరాక్సు తీయించి ఈ కాగితానికి పిన్ను కొట్టి ఇచ్చారు, ఆ కప్పు చక్రం కూడా అచ్చం పడింది. ఇస్తూ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు, "అమ్మా, పాత ఆఫీసుల్లో గడియారాలు సరిగ్గా నడిచేవి కాదు. గడియారం తప్పని ఒక్క ముక్క రాసిస్తే ఫైలు మూసేస్తాను." మంచాయన. అందరూ మంచివాళ్ళే, అదే నా చిక్కు.

ఒక్క ముక్క. గడియారం తప్పు. రాస్తే ఎవరు కాదంటారు, ఆ ఆఫీసు పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారు, అక్కడ రిజిస్టరు చూసిన గుమాస్తాగారు పోయి చాలా ఏళ్ళయింది. కానీ అది గోడ గడియారం చూసి రాసింది కాదే, నా చేతి గడియారం చూసి రాశాను, నా గడియారం ఏనాడూ తప్పు నడవలేదు. అసలు ఈ కొంపంతా ముంచింది ఆ అంకెలే. మామూలు మనిషైతే పై వరసలో సంతకం పెడుతూ కింది వరస చూసి ఎనిమిది అనో, ఏడూ యాభై అనో గీకేసేది, బ్యాంకు గుమాస్తా అయితే అసలు ఆ గడి వదిలేసేది. పైలట్‌కి సమయం గడి కనిపిస్తే చెయ్యి దానంతటదే గడియారం చూసి నిమిషంతో సహా రాసేస్తుంది, తలుపు మూసిన నిమిషం, చక్రం కదిలిన నిమిషం, నేల వదిలిన నిమిషం, అలా రాసీ రాసీ బుర్రకి అబద్ధపు టైము రాయొచ్చని తట్టను కూడా తట్టదు. చేరిన మొదటి రోజే, మొదటి పేజీలోనే, నా చేత్తో నేనే నా మీద సాక్ష్యం రాసుకున్నాను. ఇది ఇంట్లో చెబితే మా ఆయన పది నిమిషాలు నవ్వాడు, నవ్వి నవ్వి, పాపం, ఊరుకున్నాడు.

ఆ రోజు. ఎనిమిది నెలల పిల్ల, రాత్రంతా ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున్నే కాస్త చెమట పట్టింది, దించుదామంటే నా చీర కొంగు, కాదు, ఆ రోజు చొక్కా, కొత్త తెల్ల చొక్కా కాలరు, గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. వేలు వేలు విడదీస్తే మళ్ళీ పట్టుకునేది. మా అత్తగారు చూసి చూసి, "ఇటివ్వు. నువ్వెళ్ళు. దీనికి తల్లివి నువ్వొక్కదానివేనా ఏంటి?" అని పిల్లని లాక్కుని భుజాన వేసుకుంది, అది ఏడుస్తుంటే ఆవిడ తలుపేసేసింది, నా మొహం మీదే, గడియతో సహా. అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత అర్థమైంది, ఆ గడియ వెయ్యకపోతే నేను ఆ గుమ్మంలోంచి కదిలేదాన్ని కాదు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఎడమ సీటులో మొదటిసారి కూర్చుని వచ్చిన రోజు కాళ్ళకి దండం పెట్టబోతే, "చాల్లే, ముందు చేతులు కడుక్కో" అంది. చెప్పవలసిన మాట చెప్పకుండానే ఉండిపోయింది నాకు, అత్తయ్యా, ఆ గడియ వేసినందుకు, నీ చేతికి దండం.

ఉరుక్కుంటూ వెళ్ళేసరికి తొమ్మిదీ నలభై. తొమ్మిదిన్నరకి రిజిస్టరు మూస్తామని ఉత్తరంలో ఉంది, మూయడమంటే ఆఖరి సంతకం కింద ఎర్ర పెన్సిలుతో స్కేలు పెట్టి గీత గీసేస్తారు, గీత కింద సంతకం పెడితే అది మర్నాటి లెక్క. నా కళ్ళ ముందే ఉంది ఆ ఎర్ర గీత, నాలుగు సంతకాల కింద.  రొప్పుతూ బల్ల దగ్గరికి వెళ్ళాను. గుమాస్తాగారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "రాలేదనుకున్నాం కదమ్మా" అని, పేజీ తన వైపు తిప్పుకుని, "ఇదేమిటి, పైన ఒక వరస ఖాళీగా ఉందే" అన్నారు. పేజీలో మొదటి వరస. నిజంగానే ఖాళీ. "సరే, ఎర్ర గీతకి పైనే ఉంది కాబట్టి నాకు ఇబ్బంది లేదు, అందులో పెట్టెయ్యి." పెట్టేశాను. టైముతో సహా పెట్టేశాను, బుద్ధిమంతురాలిని.

అప్పుడు బెంచీ మీద ఒకతను ఉన్నాడు. అంతకు ముందు రోజు ఆరోగ్య పరీక్షలో నా పక్కన కూర్చున్నవాడే, రక్తం తీయించుకుని దూది నొక్కుకుంటూ ఇద్దరం మాట్లాడుకున్నాం, అప్పుడు చెప్పాను, పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉంది, రేపు ఎలా వస్తానో ఏంటో అని. ఏదో మాటకి మాట. ఇప్పుడు నేను సంతకం పెట్టి తలెత్తితే అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, బయట ఏముంది, గోడ, గోడకి ఒక పైపు. అంత శ్రద్ధగా పైపుని చూసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. రెండో వరసలో సంతకం అతనిది, డైరీది, టైము ఎనిమిదీ అయిదు. నాకు ఆ రోజు ఏమీ తట్టలేదు, పిల్ల, జ్వరం, చొక్కా కాలరు మీద బిడ్డ నోటి తడి, నా గొడవ నాది. వారం తర్వాత, సిమ్యులేటర్ బయట కూర్చుని ఉండగా, ఎందుకో ఠక్కున తట్టింది. ఎనిమిదింటికే వచ్చి, తెల్ల పేజీ ముందు పెన్ను పట్టుకుని, పేజీలో మొదటి మనిషిగా రాసుకోగలిగినవాడు, ఒక వరస దిగి ఎందుకు రాశాడు? తన కింద వదిలితే లాభం లేదు, వెనక వచ్చేవాళ్ళు నింపేస్తారు. వదలగలిగింది తన పైదొక్కటే. అతన్ని అడుగుదామని నోటిదాకా వచ్చేది, అడగలేదు, పందొమ్మిదేళ్ళు అడగలేదు, అడిగితే నా స్థానం నాది కాదని నేనే ఒప్పుకున్నట్టవుతుందేమో అనుకున్నాను కాబోలు. చూశావా, ఇప్పుడు కూడా కాబోలు అంటున్నాను.

ఆ ఒక్క వరసలో ఏమేం వచ్చాయో చూడు. నాకు ఎడమ సీటు వచ్చినప్పుడు ఒక్కటే ఖాళీ, అది నా నంబరు దగ్గర ఆగింది, అతని దగ్గరికి రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలల్లో రెండుసార్లు నా కుడిపక్కన కూర్చుని, "సీనియర్ గారూ, చక్రాలు దించమంటారా?" అని నా ఆజ్ఞ కోసం చూశాడు. సెలవులు మొదట నేను ఎంచుకునేదాన్ని, పిల్ల పరీక్షలప్పుడు నేను ఇంట్లో, అతను ఆకాశంలో. కొత్త విమానాలు వచ్చినప్పుడు ఆఖరిది నాకు, సీటు కుషన్ చిరిగి స్ప్రింగు పొడుచుకొచ్చే పాతది అతనికి, రెండేళ్ళు నడుం పట్టుకుని తిరిగాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి మాట జారలేదు. సీనియర్ గారూ అని ఏడిపించేవాడు, ఆ ఏడిపించడంలో కూడా ముల్లు లేదు, నేను వెతికాను, దొరకలేదు. పిల్లకి ఇప్పుడు పందొమ్మిది దాటాయి. అది తిన్న అన్నం, చదివిన చదువు, దానికి నేను దగ్గరుండి చూసిన జ్వరాలు, అన్నిట్లోనూ ఆ ఖాళీ వరస కాస్త ఉంది.

ఫోను మోగింది. ఓరి దేవుడా. గదిలో నలుగురం ఒక్కసారిగా లేచాం. ఎర్ర టై అతనికి, కిటికీ దగ్గర పడుకున్నతనికి, లేచి బూటు ఒకటి దొరక్క వంగి వెతుక్కుంటుంటే నా కాలి దగ్గర ఉంది, అందించాను. "థాంక్స్ కెప్టెన్" అని పరిగెత్తాడు. కెప్టెన్. ఇంకో పది రోజులు ఆ మాట నాదే, ఎటు రాసినా. తొమ్మిదీ ఇరవై అయిదు. గోడది ఇరవై నాలుగు.

నిజంగా భయంగా ఉంది, ఎవరికి దాపరికం. కుడి సీటులో కూర్చోవడానికి నామోషీ కాదు, కొంచెం నామోషీయే అనుకో, నేను నేర్పిన పిల్లలు ఎడమ పక్కన కూర్చుని నన్ను చక్రాలు దించమంటారు, దించుతాను, ఏం పోయింది. భయమల్లా మూడేళ్ళది. యాభయ్యో ఏట కంపెనీకి నా అవసరం ఉండకపోతే ఏం చేస్తాను, నాకు వచ్చిన పని ఇదొక్కటే, నేల మీద నాకేదీ చేతకాదు, వంట కూడా మా ఆయనదే. నిన్న సాయంత్రం అంతా చెప్పాను అతనికి. ఇలా రాయి అనలేదు, అలా రాయొద్దు అనలేదు. యూనిఫారం ఇస్త్రీ చేసి హేంగరుకి తగిలించి, లోపలికి వెళ్ళి అలమరా పైనుంచి ఏదో దడదడలాడిస్తూ దించాడు. పొద్దున లేచి చూస్తే నా బ్యాగు మీద ఒక చిన్న రేకు డబ్బా. తెరిస్తే నా పాత భుజం పట్టీలు, మూడు గీతలవి, కో-పైలట్‌గా ఉన్నప్పటివి, బ్రష్షు పెట్టి శుభ్రం చేసి ఉన్నాయి. మనిషి మాత్రం వంటింట్లో, ఏమీ ఎరగనట్టు, కుళాయి కట్టేస్తూ విప్పేస్తూ. వచ్చే ముందు, "ఏంటిది?" అన్నాను. "ఏమో, ఉంటే ఉన్నాయి. అడ్డమైతే అక్కడే పెట్టెయ్" అన్నాడు. ఇలాంటివాడితో పోట్లాడ్డం కూడా చేతకాదు నాకు. డబ్బా ఇప్పుడు బ్యాగులో ఉంది, మోకాలికి తగులుతోంది.

డైరీకి కూడా ఇలాంటి కాగితమే ఇచ్చారు, అతను మొన్ననే జవాబు ఇచ్చేశాడు. పెద్దాయన చూపించారు. నాలుగు గీతల్లో ఒకటే మాట. ‘గుర్తు లేదు.’ డైరీకి గుర్తు లేదట! పద్నాలుగేళ్ళ కిందట నేను కాఫీలో చక్కెర మరిచిపోయి మొహం చిట్లించిన రోజు వారంతో సహా చెప్పేవాడికి, తను ఉద్యోగంలో చేరిన రోజు గుర్తు లేదు. అన్నగారి పిల్లలిద్దర్నీ తనే చదివిస్తున్నాడు, అతనికీ ఆ సీటు కావాలి, నాకెంత కావాలో అంతా కావాలి, అతనికీ వచ్చే ఏడాదికి యాభై. ఉన్న నిజం రాసుకుంటే సీటు అతనిది. రాయలేదు. అలాగని నా తరఫున అబద్ధమూ రాయలేదు, నాకు ఇబ్బంది అవుతుందని కాబోలు. మళ్ళీ ఒక వరస వదిలి కూర్చున్నాడు, నేను ఏం రాసుకుంటే అదని. పెద్దాయన గదిలో ఆ మాట చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, నిజంగా చిర్రెత్తుకొచ్చింది, ఎంతకని తీసుకోవాలి ఒక మనిషి దగ్గర, ఎక్కడో ఒకచోట ఆగాలా వద్దా?

అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. ‘అమ్మా రాశావా? ఏం రాసినా సరే, అన్నానికి వచ్చెయ్. నాన్న నీకిష్టమని ఏదో మాడుస్తున్నారు.’ నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నవ్వుతుంటే అటుపక్క ఎర్ర టై ఆవిడ ఎవరో చూసి తనూ నవ్వింది. ఇంతకీ నాకేం తక్కువైంది? గడియ వేసే అత్తగారు దొరికింది, డబ్బా దించే మొగుడు దొరికాడు, ఏం రాసినా అన్నానికి రమ్మనే కూతురు దొరికింది, వరస వదిలేవాడు దొరికాడు, ఇన్నేళ్ళు మబ్బుల మీద పొద్దు పొడవడం ఎడమ కిటికీలోంచి చూశాను. కుడి కిటికీలోంచి కూడా పొద్దు కనిపిస్తుంది, దిక్కు మారితే. ఇంత తిన్నాక ఇంకా ఆకలంటే బాగోదు.

తొమ్మిదీ నలభై. చేతి గడియారంలో సరిగ్గా నలభై. పెన్ను తీసి రాసేశాను, ఒక్క బిగిన, కొట్టివేతలు లేకుండా. ‘గడియారం తప్పు కాదు. నేను వచ్చింది 9.40కే, రిజిస్టరు మూసిన పది నిమిషాలకి. మొదటి వరస ఖాళీగా ఉంటే అందులో సంతకం పెట్టాను. ఆ వరస నాది కాదు.’ ఎవరు వదిలారో రాయలేదు, ఎందుకు వదిలారో రాయలేదు, అది అతని సొంత విషయం. నాలుగు గీతలు సరిపోయాయి, ఇంకా అర గీత మిగిలింది. కింద సంతకం, తారీఖు, టైము. టైము 9.43. అలవాటు చావదు.

కారిడార్ చివరి గదిలో పెద్దాయన నిలబడే చదివారు. రెండోసారి కూర్చుని చదివారు. "ఇలా రాస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా?" అన్నారు. తెలుసండీ అన్నాను. ఆయన చెప్పకుండా ఉండలేకపోయారు. ఎర్ర గీత తర్వాత వచ్చాను కాబట్టి మర్నాటి లెక్కలోకి వెళతాను, మర్నాటి పేజీలో మావాళ్ళు ఆరుగురు, అవతలి కంపెనీలో అప్పుడే చేరినవాళ్ళు తొమ్మిదిమంది, ఆ పేజీలో నా సంతకం లేదు కాబట్టి వాళ్ళందరి తర్వాత. "మూడొందల ముప్పై నాలుగు" అన్నారు. "మూడొందల పద్దెనిమిదికి ఆయన వస్తాడు." కాగితం ఫైల్లో పెట్టి, ముడి వేసి, మళ్ళీ విప్పి, జిరాక్సు ఊడదీసి నాకు ఇచ్చేశారు. "ఇది మీరు ఉంచుకోండి, నాకు అసలుది ఉందిగా." బయటికి వస్తుంటే వెనకనుంచి తుమ్ము వినిపించింది, దుమ్ముకో మరి దేనికో.

కారిడార్‌లో నాలుగు చుట్లు తిరిగి స్టాండ్‌బై గదికి వచ్చేసరికి పదీ పది, డైరీ వచ్చి ఉన్నాడు. టోపీ చంకలో, మొహాన ప్రయాణపు అలసట, మా మిషను దగ్గర కప్పు పట్టుకుని నిలబడి. నన్ను చూసి, చేతిలో కాగితం చూసి, ఇంకో చేతిలో ఏమీ లేకపోవడం చూసి అర్థం చేసుకున్నాడు.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను."

"ఏం రాశారు?"

"జరిగింది."

కప్పు బల్ల మీద పెట్టాడు. ఇంత కోపం ఈ మనిషి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "ఎవరు రాయమన్నారు మిమ్మల్ని? పెద్దాయన మొన్న నాతో కూడా అన్నారు, గడియారం తప్పంటే పోయేది కదా! నాకంటే మీకు... మీరెప్పుడూ ఇంతేనండీ, టైము గడి కనిపిస్తే చాలు."  కోపంలో కూడా మీరే, అండీయే.

అడిగేశాను. పందొమ్మిదేళ్ళ తర్వాత, కాఫీ మిషను పక్కన నిలబడి. "ఆ రోజు మొదటి వరస ఎందుకు వదిలారు?"

అతను కప్పు మళ్ళీ తీసుకున్నాడు. తాగలేదు. "ఎందుకేంటి? ఏముంది అందులో? పై వరస మీద ఎవరో నూనె చెయ్యి పెట్టినట్టున్నారు, ఇంత మరక. పెన్ను పడలేదు. రెండుసార్లు గీకి చూశాను, పడలేదు, కింది దాంట్లో రాశాను. అంతే. దానికి మీరు ఇన్నాళ్ళూ ఏదేదో అనుకుని సీటు పోగొట్టుకున్నారు."

"గుర్తు లేదని రాశారుగా?"

"ఇప్పుడే గుర్తొచ్చింది."

జిరాక్సు నా చేతిలోనే ఉంది, అచ్చు పడ్డ పక్క నా వైపుకి. మొదటి వరస తెల్లగా ఉంది. నా సంతకం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క చోట కూడా తెగకుండా నడిచింది. నిన్న అసలు పేజీ మీద ఇదే వరస వెంట వేలు పోనిచ్చాను, నున్నగా తగిలింది. కాగితాన్ని రెండుగా మడిచాను, మళ్ళీ రెండుగా మడిచి బ్యాగులో రేకు డబ్బా కింద పెట్టాను.

"ఆ నూనె చెయ్యి ఎవరిదో గానీ," అన్నాను, "చల్లగా ఉండాలండీ."

డైరీ కిటికీ వైపు తిరిగి బయటికి చూస్తున్నాడు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.